గీత దాటిన కూత

అనగనగా ఒక అడవిలో ఒక కబడ్డీ బరి ఉండేది. ఎవర్రా కిసుక్కున నవ్వింది? జంతువులు కబడ్డీ ఆడకూడదని ఎక్కడన్నా రాసి ఉందా? ఆడేవి. మీకన్నా బాగా ఆడేవి. కుదురుగా కూర్చుని వినండి. ఇది కొంచెం భయం వేసే కథ. మధ్యలో నా చెయ్యి పట్టుకోవాలనిపిస్తే పట్టుకోండి, కానీ గిల్లొద్దు.

ఆ బరి చుట్టూ ఎత్తైన మద్దిచెట్లు. నేలంతా బూడిదలా మెత్తని మట్టి. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ మంచు మోకాళ్ళ ఎత్తున పాకుతూ ఉండేది. ఆ చెట్ల మీద ఏ పిట్టా కూసేది కాదు. ఎందుకని అడక్కండి, నాకూ తెలియదు.

అక్కడ రెండు జట్లు ఆడేవి. ఒకటి కొండ జట్టు. దాని కోచ్ వీరప్ప అనే ఎలుగుబంటి. రెండోది వాగు జట్టు. దాని కోచ్ తిరపతమ్మ అనే నీటికుక్క. రెఫరీ ఒక ముసలి కొంగ. ఒంటికాలి మీద నిలబడి, మెడలో ఈల వేలాడేసుకుని, రెప్ప వెయ్యకుండా చూసేది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఆట అయ్యాక కోచ్‌లు ఇద్దరూ బరి నడుమ గీత దగ్గరికి రావాలి. అందరి ముందూ నిలబడి, ఆ రోజు ఆటలో ఏం జరిగిందో చెప్పాలి. దాన్ని గీతమాట అనేవాళ్ళు. ఓడిన జట్టు కోచ్ ముందు చెప్పాలి, గెలిచిన జట్టు కోచ్ తర్వాత చెప్పాలి. ఇద్దరూ చెప్పేదాకా ఆట ముగిసినట్టు కాదు.

ఇక ఆ రోజు సంగతి వినండి. రెండు జట్లూ సరిసమానంగా ఉన్నాయి. ఆఖరి కూత. వాగు జట్టు నుంచి చెంగి అనే దుప్పి కూతకు వచ్చింది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

చెంగి కూత అంటే అడవంతటికీ ఇష్టం. సన్నగా, తెగకుండా, ఒకే గుక్కలో సాగేది. కొండ జట్టులోకి దూరింది. ఏదుపందిని ముక్కుతో అలా తాకింది. ఒక్క గెంతులో వెనక్కి వచ్చి గీత మీద కాలు పెట్టింది. కొంగ ఈల ఊదింది.

ఆట అక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. ఈల మోగాక, చెంగి తన జట్టు వైపు తిరిగి ఉండగా, కొండ జట్టులో కోరయ్య అనే అడవిపంది వెనకనుంచి దూసుకొచ్చాడు. కోరలతో ఆమె డొక్కలో ఒక్క పోటు పొడిచాడు. చెంగి ఎగిరి అవతల పడింది.

ఇంకేముంది! వాగు జట్టు వాళ్ళు మీద పడ్డారు. కొండ జట్టు వాళ్ళు ఎదురు తిరిగారు. గుద్దులు, కరుచుకోవడాలు, తోకలు పట్టి లాగడాలు. కొంగ ఎంత ఈల ఊదినా వినేవాడు లేడు. అలిసిపోయాక గానీ ఆగలేదు.

అందరూ రొప్పుతూ నిలబడ్డారు. దుమ్ము మెల్లగా దిగింది. అంతా నిశ్శబ్దం.

అప్పుడు వినబడింది.

"కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ..."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి నోరూ కదలడం లేదు. చెంగి నేల మీద పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు మూసుకుని ఉంది. కానీ ఆ కూత ఆమెదే. మంచులో, బరికి కొంచెం పైన, తనంతట తాను తిరుగుతోంది.

"అమ్మా చెంగీ! మాట్లాడమ్మా!" అని తిరపతమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. చెంగి పలకలేదు.

కొంగ మెల్లగా నడిచి వచ్చింది. "అది చెంగి ఊపిరి. గీతమాట ఇంకా కాలేదు కాబట్టి ఆట ముగియలేదు. అందుకే అది ఇంకా కూతలోనే ఉంది. కానీ ఎంతైనా ఒక్క గుక్కే కదా! ఆ గుక్క అయిపోయేలోగా నిజమైన గీతమాట పడాలి. లేకపోతే ఈ పిల్ల మనకు దక్కదు. వీరప్పా, ఓడింది మీరు. ముందు నువ్వే చెప్పాలి" అంది.

వీరప్ప గీత దగ్గరికి వచ్చాడు. అతనికి అంతా తెలుసు. అంతా కళ్ళారా చూశాడు. కానీ ఈల మోగాక కొట్టినవాణ్ణి ఏడాది పాటు బరిలోకి రానివ్వరు. కోరయ్యను పాలు తాగే వయసు నుంచి పెంచాడు. ఆటంటే వాడికి ప్రాణం. "నలుగురిలో నా పిల్లాణ్ణి నేనే పట్టిస్తానా?" అనుకున్నాడు. చూశారా, చెడ్డవాడేం కాదు. ప్రేమే. కానీ తిక్క ప్రేమ.

వీరప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆటలన్నాక కొంచెం తోపులాట మామూలే. కుర్రాళ్ళు కదా, ఆవేశపడ్డారు. గోరంత దాన్ని కొండంత చెయ్యకండి" అన్నాడు.

కూత ఒక్కసారి ఆగినట్టే ఆగి, గీత దాటి కొండ జట్టు వైపుకు వచ్చింది.

మట్టిలో ఒక గిట్ట ముద్ర పడింది. దాని ముందు ఇంకొకటి. దాని ముందు ఇంకొకటి. దుప్పి లేదు, నీడ లేదు. ముద్రలు మాత్రం నడిచి వస్తున్నాయి. కొండ జట్టు వాళ్ళు గుడ్లప్పగించి వెనక్కి వెనక్కి జరిగారు. ముద్రలు ఆ చివర ఉన్న కుందేలు దగ్గరికి వెళ్ళాయి. కుందేలు మీసాలు గాలి తగిలినట్టు కదిలాయి. అంతే. కుందేలు అక్కడే చతికిలబడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు మూసుకుపోయింది.

"అవుట్" అంది కొంగ. ఆ మాట అనాలని దానికీ లేదు, పాపం.

"అయ్యో, వాడేం చేశాడు?" అన్నాడు వీరప్ప.

"ఏం చెయ్యలేదు. నీ పక్కన నిలబడ్డాడు, అంతే. మళ్ళీ చెప్పు వీరప్పా, గుక్క తరుగుతోంది" అంది కొంగ.

నిజమే, కూత ఇందాకటి కన్నా సన్నబడింది. చెంగి డొక్కలు పైకీ కిందకీ ఆడడం కూడా తగ్గింది.

వీరప్ప చెమట తుడుచుకున్నాడు. ఈసారి గొంతు పెంచాడు. "ముందు రెచ్చగొట్టింది వాళ్ళే! పొద్దుట్నుంచీ మా వాళ్ళను వెక్కిరిస్తున్నారు. రెఫరీ అయినా ముందే ఆపొద్దా? ఎంతసేపని ఓర్చుకుంటారు మావాళ్ళు?"

ముద్రలు మళ్ళీ కదిలాయి. ఈసారి తొందరగా. టప్, టప్, టప్. ఏదుపంది ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని "గురువుగారూ, నేను కాదు, నాకేం తెలియదు..." అంటుండగానే దాని మాట సగంలో తెగిపోయింది. కూలబడి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

"అవుట్."

చేతులు పట్టుకున్నది చాలు, గిల్లొద్దన్నానా? వినండి.

వీరప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. ఇక ఇలా లాభం లేదనుకున్నాడు. మెత్తబడ్డాడు. కానీ ఎంత తెలివిగా మెత్తబడ్డాడో చూడండి. చేతులు జోడించి, తల వంచి, "సరే. జరిగినదానికి ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే, కొండ జట్టు తరఫున క్షమించమని కోరుతున్నాను" అన్నాడు.

వినడానికి ఎంత బాగుంది! కొండ జట్టులో కొందరు హమ్మయ్య అనుకున్నారు కూడా. తిరపతమ్మ మాత్రం చెంగి తల మీంచి కళ్ళెత్తి చూసింది.

"నొచ్చుకుని ఉంటే ఏమిటి వీరప్పన్నా? పిల్ల ఇక్కడ పడి ఉంటే నీకు కనబడడం లేదా? డొక్క చీరుకుపోయింది. ఎవరు చీల్చారో చెప్పు" అంది. ఆమె గొంతు పెద్దదేం కాదు, కానీ బరి ఆ చివరి దాకా వినబడింది.

ముద్రలు నడవనే లేదు ఈసారి. కొండముచ్చు కాళ్ళ దగ్గరే పడ్డాయి, అప్పటిదాకా అక్కడే నిలబడి ఉన్నట్టు. కొండముచ్చు నోరు తెరవబోయింది, తెరవలేకపోయింది.

కొంగ ఈసారి అవుట్ అని కూడా అనలేదు.

విచిత్రం ఏమిటో గమనించారా? ముద్రలు ప్రతిసారీ కోరయ్యకు దగ్గర్లోనే పడ్డాయి. అతన్ని ఒక్కసారీ తాకలేదు. కోరయ్య అక్కడ ఒంటరిగా నిలబడ్డాడు. కోరకు అంటిన నెత్తురు ఎండిపోయి నల్లబడింది. మెల్లగా వీరప్ప దగ్గరికి వచ్చి, చిన్న గొంతుతో అన్నాడు.

"గురువుగారూ, నాకు భయంగా ఉంది."

"నీకేం కాదురా. నేనున్నాను కదా. నీ పేరు బయటికి రానివ్వను."

"దానికి కాదండీ. మొదటిసారి మీరు తోపులాట అన్నప్పుడు, మనసులో 'అబద్ధం, నేను పొడిచాను' అనుకున్నాను. రెండోసారి వాళ్ళు రెచ్చగొట్టారన్నప్పుడు, నిజమేనేమో అనిపించింది. మూడోసారికి... నేనసలు ఆమెను పొడిచానో లేదో నాకే గుర్తు రావడం లేదు. నా కోర మీద నెత్తురు ఎవరిదండీ?"

వీరప్ప అతని కళ్ళలోకి చూశాడు. కుందేలు కళ్ళలాగే ఉన్నాయి అవి. తెరిచి ఉన్నాయి, కానీ లోపల ఎవరూ లేనట్టున్నాయి. ఇన్నాళ్ళూ చేత్తో తినిపించి పెంచిన పిల్లాడు. ముద్రలు తాకకుండానే వాడు అవుట్ అయిపోతున్నాడు. తాకుతున్నది ముద్రలు కాదు, తన అబద్ధాలేనని వీరప్పకు అప్పుడు అర్థమైంది. ఏడుపు తన్నుకొచ్చింది.

కూత ఇప్పుడు గుసగుసంత అయింది. "కబ... డ్డీ... కబ..."

వీరప్ప పరుగెత్తి గీత మీదికి వచ్చాడు. ఇప్పటిదాకా తన జట్టు వైపు తిరిగి మాట్లాడాడు. ఇప్పుడు అటు తిరిగాడు, చెంగి వైపు.

"ఈల మోగింది. చెంగి గెలిచింది. ఈల మోగాక మా కోరయ్య వెనకనుంచి కోరలతో పొడిచాడు. నేను చూశాను. వాడు చేసింది తప్పు. ఏడాది పాటు వాడు బరిలోకి రాడు. ఇంకో మాట కూడా ఉంది." వీరప్ప గీత మీద మోకరిల్లాడు. "ఆఖరి కూతకు ముందు వాడి చెవిలో ఒక మాట చెప్పాను. 'ఆ దుప్పిని మళ్ళీ లేవకుండా చెయ్యి' అన్నాను. అది నా మాట. వాడి కోర, నా మాట. ఆ ఏడాదీ నేను కూడా ఈ బరిలో అడుగు పెట్టను. చెంగీ, తల్లీ, ఇది నా వల్ల జరిగింది. నన్ను క్షమించు."

ముద్రలు వెనక్కి తిరిగాయి. ఒక్కొక్కటే, కుంటుతున్నట్టు, గీత దాకా వచ్చాయి. గీత ముందు ఆగిపోయాయి.

"ఎందుకు ఆగాయి? ఇంకేం చెప్పాలి నేను?" అని వీరప్ప గోలపెట్టాడు.

కొంగ తిరపతమ్మ వైపు చూసింది. "గీతమాట ఇద్దరిదీ" అంది.

తిరపతమ్మ పళ్ళు కొరికింది. "నా పిల్ల చావు బతుకుల్లో ఉంటే నేను చెప్పాలా? నేనా?" అంది. కోపం రాదా మరి? నాకైనా వస్తుంది. కానీ ఒళ్ళోని తల బరువెక్కుతోంది. ఆమె కళ్ళు మూసుకుని, గబగబా చెప్పేసింది.

"ఇందాక కొట్లాటలో మా జట్టు ముంగిస మీ కుందేలు చెవి కొరికింది. కుందేలు ఎవరినీ ఏమీ అనలేదు. ఆపాల్సింది పోయి నేను 'ఇంకా కొరుకు' అని అరిచాను. అది తప్పు. క్షమించండి."

గిట్ట ముద్ర ఒకటి గీతకు ఇవతల పడింది. ఇంకొకటి. ఇంకొకటి. తిరపతమ్మ మోకాలి దగ్గర ఆఖరిది పడింది. కూత ఆగిపోయింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. చెట్లు కూడా కదల్లేదు.

తర్వాత చెంగి నోరు తెరిచి ఒక్కసారి గాలి గట్టిగా లోపలికి లాగింది. దగ్గింది. మళ్ళీ లాగింది. తిరపతమ్మ భోరున ఏడ్చేసింది. అవతల కుందేలు తుమ్మింది. ఏదుపంది ఇందాక సగంలో తెగిన మాటను పూర్తి చేసేసింది. కొండముచ్చు మాత్రం ఆ పూటంతా కిక్కురుమనలేదు.

చెంగి బతికింది. డొక్కలో గాయం మానడానికి రెండు వానాకాలాలు పట్టింది. కూత మునుపటిలా రాలేదు, మధ్యలో చిన్న జీర వచ్చి చేరింది. నిజం చెప్పినంత మాత్రాన అన్నీ మునుపటిలా అయిపోవర్రా. ఆమె మనకు మిగిలింది, అది చాలు.

సాయంత్రం వీరప్ప, కోరయ్య కొండ ఎక్కుతున్నారు. కోరయ్య దారిలో వాగు దగ్గర ఆగి, కోర కడుక్కున్నాడు. ఆ నెత్తురు ఎవరిదో అతనికిప్పుడు గుర్తుంది. కడుక్కుంటూ ఏడ్చాడు. కొంచెంసేపటికి అడిగాడు.

"గురువుగారూ, అందరి ముందూ నా పేరు చెప్పేశారు. మీకు నా మీద అంత కోపం వచ్చిందా?"

వీరప్ప అతని మెడ మీద చెయ్యి వేశాడు.

"కోపం వస్తే నీ పేరు ఒక్కటే చెప్పి ఊరుకునేవాణ్ణిరా" అన్నాడు.

నీతి: తన వాళ్ళ తప్పును నలుగురిలో కప్పిపెట్టే పెద్దమనిషి ఆ తన వాళ్ళనే పోగొట్టుకుంటాడు; అందులో తన తప్పును కూడా కలిపి ఒప్పుకునే పెద్దమనిషి వాళ్ళను కాపాడుకుంటాడు.