నాలుగు చట్ల వంకాయ పులుసు

పేరమ్మ గారి దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్ళిన ఎవరికీ ఆవిడ వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. "భోంచేసి మాట్లాడదాం" అనేవారు. గుండ్లకమ్మ ఒడ్డున ఆవిడది ఆశ్రమమంటే ఆశ్రమం, ఇల్లంటే ఇల్లు. రెండు పెంకుటి గదులు, ముందొక రేకుల పంచ. అక్కడికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. మగవాళ్ళూ వచ్చేవారు గాని, వాళ్ళకు కావలసింది జవాబు కాదు, తమ ప్రశ్న ఎంత గొప్పదో ఎవరైనా చెప్పడం. అది దొరక్క వెళ్ళిపోయేవారు.

అమావాస్య నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. వచ్చే ఆడవాళ్ళు ఆ పూట తమ ఇంట్లో వండిన దాంట్లోంచే ఒక గిన్నెడు తేవాలి, అందరూ పంచుకుని తినాలి. ప్రత్యేకం చేసి తేకూడదు. ఒకసారి ఎవరో నిండా జీడిపప్పు వేసిన పాయసం తెస్తే, "ఇది మీ ఇంట్లో రోజూ తాగుతారా తల్లీ?" అని అడిగి, బయట ఆడుకునే పిల్లలకు పోసి రమ్మన్నారు. తెచ్చినవన్నీ పేరమ్మ గారి దగ్గరే ఉండే మంగతాయి లోపలి గదిలో ఒకే తీరు మట్టి చట్లలోకి మార్చి, తెచ్చి వరుసగా పెడుతుంది. ఏ చట్టిలో ఎవరి వంట ఉందో ఆవిడకొక్కదానికే తెలుసు. ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. ఎవరి గిన్నెలు వాళ్ళవే ఉన్న రోజుల్లో మెరిసే స్టీలు క్యారియర్లు ముందు ఖాళీ అయ్యేవి, సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నెలు నిండుగా ఇంటికి పోయేవి. భక్తి ఎంత ఉన్నా కళ్ళు చేసే పని కళ్ళు చేస్తాయి.

కార్తీకం చివర వచ్చే అమావాస్యకు హైమావతి గిన్నెతోపాటు ఒక సంచీ కూడా తెచ్చింది. సంచీలో నాలుగు చీరలున్నాయి. ఆమెకు యాభై దాటాయి. ఇంట్లో భర్త, పెళ్ళి మానుకున్న మరిది, ఎదిగిన ఇద్దరు కొడుకులు. నలుగురికీ ఆకలి ఒక్కసారే వేస్తుంది, నాలుగు రకాలుగా వేస్తుంది. ఆమె పంచలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, దణ్ణం కూడా పెట్టకుండా మొదలుపెట్టింది.

"అమ్మా, వండటం సేవ అని పుస్తకాల్లో చదివాను. సేవ చేసే మనసులో విసుగు ఉండకూడదట. విసుక్కుంటూ వండింది తిన్నవాళ్ళ ఒంటికి విషమట. నాకు ఇరవై ఆరేళ్ళుగా విసుగే. ఇడ్లీనా ఉప్మానా అనుకుంటూ లేస్తాను. పప్పు నానబెట్టానా లేదా అనుకుంటూ పడుకుంటాను. అంటే ఇన్నాళ్ళూ మావాళ్ళకు నేను పెట్టింది విషమేగా. అందుకే ఇంక ఇంటికి పోను. ఇక్కడే వాకిలి ఊడ్చుకుంటూ పడుంటాను. ఉండమంటారా?"

ఏడుస్తూ చెప్పలేదు. చాకలి పద్దు చదివినట్టు చెప్పింది. ఏడవడానికి కూడా కాస్త ఓపిక మిగలాలి గదా. ఆ పూట ఆ పంచలోనే కూర్చుని ఉన్న నేనూ ఆ పుస్తకాలు చదివాను. వాటిని రాసిన మహానుభావుల్లో ఒక్కరైనా వైశాఖ మాసపు మధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడ్డారనడానికి ఏ పేజీలోనూ ఆనవాలు దొరకలేదు.

"భోంచేసి మాట్లాడదాం" అన్నారు పేరమ్మ గారు.

ఆ వారం సంతలో వంకాయ తప్ప మరో కూరగాయ మొహం చూపలేదు. వచ్చిన పదకొండు చట్లలో నాలుగు వంకాయ పులుసులే. హైమావతి తెచ్చిందీ అదే. పేరమ్మ గారు ఆ నాలుగింటినీ ఆమె ముందుకు జరిపించారు.

"విసుగు విషమన్నావు. ముసలిదాన్ని, నాకిప్పుడు విషం పడదు. ఈ నాలుగూ రుచి చూసి, విసుగు లేని చేత్తో వండింది ఏదో చెప్పు. నేను అదే వేసుకుంటాను."

"నేను తెచ్చింది పప్పు గనక బతికిపోయాను" అంది సుబ్బరత్నం. ఆవిడ బడిలో పిల్లలకు వండి, ఇంటికెళ్ళి మళ్ళీ వండే మనిషి.

హైమావతి వేళ్ళు కడుక్కుని మొదటి చట్టిలోది నాలుక మీద వేసుకుంది. "ఎవరో బస్సు టైముకి దించారు. ముక్క ఉడకలేదు" అంది. రెండోది చూసి, "ఇంటికి చుట్టాలొచ్చారు, నీళ్ళు పోశారు" అంది. పంచలో ఒక మూల నుంచి, "నిజమే వదినా, ముగ్గురొచ్చారు" అని వినబడింది. మూడోది నోట్లో పెట్టుకుని మొహం ముడిచి, చట్టిని పక్కకు తోసింది.

"ఇది నాదమ్మా. దాచడమెందుకు. అడుగంటింది, పులుపు కూడా గొంతు పట్టుకుంటోంది. పొద్దున పొయ్యి మీద పెట్టి, కిటికీలోంచి ఎటో చూస్తూ నిలబడిపోయాను. నా విసుగంతా ఇందులోనే ఉంది."

నాలుగోది రుచి చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత విస్తట్లో కాస్త అన్నం పెట్టించుకుని, కలుపుకుని ఒక ముద్ద తింది. వంకాయ చిదిమితే చితికేలా ఉంది, అయినా తొడిమ దగ్గర విడిపోలేదు. బెల్లం వేసినట్టు తెలియదు, వెయ్యకపోతే మాత్రం తెలిసేది. మెంతిపొడి చేదెక్కకుండా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

"ఇదీ" అంది. "ఈవిడకు ఇంట్లో ఏ చీకూచింతా ఉండదు. పాట పాడుకుంటూ వండి ఉంటుంది. మనుషుల మీద ప్రేమ లేకపోతే ముక్క ముక్కకీ ఇంత శ్రద్ధ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎవరమ్మా మీరు? ఒక్కసారి చూడాలనుంది."

ఎవరూ చెయ్యెత్తలేదు. మంగతాయి మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అద్దం తెమ్మంటావా?" అంది.

హైమావతికి అర్థం కాలేదు. "నువ్వు తెచ్చిందే హైమా. నా చేత్తో నేనే పోశాను" అని మంగతాయి చెప్పాక కూడా అర్థం కాలేదు. పక్కకు తోసిన మూడో చట్టి వైపు వేలు చూపించింది. అప్పుడు ఎనిమిది నెలల క్రితం పెళ్ళయిన ఇంద్రాణి తల వంచుకుని, "అది నాది పిన్నిగారూ. పాట పాడుకుంటున్నాను. అడుగంటింది చూసుకోలేదు" అంది.

నవ్వారు అందరూ. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"అయినా నీ చేతి పులుసు నీకు తెలియకపోవడమేమిటే?" అని అడిగింది సుబ్బరత్నం.

"ఎప్పుడు తిన్నాను గనక?" అంది హైమావతి. "దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదని మా అత్తగారు నేర్పారు. ఉప్పు సరిపోయిందో లేదో వాసన పట్టే తెలుసుకుంటాను. తర్వాత వాళ్ళు తింటారు. చివర్న గిన్నెకు అంటుకున్నది మజ్జిగన్నంలో గీరుకుంటాను. వేడి మీద, వంకాయతో సహా, కూర్చుని..." లెక్క కట్టుకుంటున్నట్టు ఆగింది. లెక్క తేలలేదు.

ఆ మాటకు పంచలో ఒక్క ఆడది కూడా ఆశ్చర్యపోలేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే.

కాసేపటికి హైమావతే తేరుకుంది. "అయితే నేను పెట్టింది విషం కాదన్నమాట" అంది. గుండెల మీద బరువు దిగినట్టు ఒక ఊపిరి వదిలింది. దిగిన బరువుతో పాటు, ఇల్లు వదలడానికి చేతిలో ఉన్న ఒకే ఒక్క కారణమూ పోయిందని ఆ వెంటనే తెలిసినట్టుంది. సంచీని ఒళ్ళోకి లాక్కుంది. "అంటే ఇంటికి పొమ్మంటారా అమ్మా? మళ్ళీ అదే పొయ్యి దగ్గరికి?"

పేరమ్మ గారు జవాబు చెప్పేలోగా సంచీలో ఫోను మోగింది. పెద్దకొడుకు. ఆ గొంతు పంచ అంతటికీ వినబడింది.

"ఎన్నింటికొస్తున్నావమ్మా? నాన్న అడగమన్నాడు. చపాతీల్లోకి ఏం చేస్తున్నావు?"

"బంగాళదుంప..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి, హైమావతి చప్పున ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. పేరమ్మ గారి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, వేడుకోలూ లేదు. ఇరవై ఆరేళ్ళుగా నిలబడి ఉన్న మనిషి కూర్చునే చోటు ఎటు ఉందని అడిగే చూపు అది.

పేరమ్మ గారు నాలుగో చట్టి దగ్గరికి లాక్కుని, అన్నం మీద పులుసు పోసుకుని కలుపుతున్నారు. తల ఎత్తలేదు.

"అన్నం అందరికీ వడ్డించావు, విసుగు మాత్రం ఒక్కదానివే తిన్నావు. ఇవాళ వాళ్ళకు అదీ కొంచెం పెట్టు."