నురగ సాక్ష్యం

మణిదుర్గాన్ని ఏలే వీరనరేంద్రుడికి ఒక ఉదయం కొత్త భయం పట్టుకుంది. ఏటి అవతలి ఊళ్లలో విషజ్వరం ప్రబలిందని విన్నాడు.

"కోటలో ప్రతివారి నెత్తురూ పరీక్షించండి. జ్వరం ఉన్నవారు పొద్దు గూకేలోగా కోట దాటాలి" అని ఆజ్ఞాపించాడు.

రాజవైద్యుడు ఉద్దండభట్టు ఇందుకోసమే పుట్టినవాడిలా ముందుకు వచ్చాడు. ఆయన కనిపెట్టిన పసరులో జ్వరపీడితుల నెత్తుటిచుక్క పడితే నురగ పొంగుతుంది. అందరి చుక్కలూ అణకువగా మునిగాయి. వంటశాల పెద్ద తిరుమలమ్మ చుక్క మాత్రం గిన్నె అంచు దాటి పొంగింది.

"సందేహం లేదు, జ్వరమే!" అన్నాడు భట్టు.

"ఒళ్లు చల్లగానే ఉందయ్యా, పట్టి చూడండి" అని ఆమె చేయి చాచింది. భట్టు గోడదాకా జరిగాడు.

"ఈ కోట తప్ప నాకు వేరే దిక్కు లేదు ప్రభూ!" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా వంటశాలకు తాళం పడింది. కోటలో ఎవరికీ ముద్ద దొరకలేదు.

మధ్యాహ్నం సభలో రాజుగారి ఆంతరంగికుడు ముద్దన లేచాడు.

"ఆచార్యా, మీ పసరు జ్వరాన్ని చూస్తుందా?"

"జ్వరం కంటికి కనబడుతుందటయ్యా! అది చొరబడితే ఒంట్లోని కావలిబలం లేస్తుంది. పసరు ఆ కావలిని పసిగట్టి పొంగుతుంది."

"తిరుమలమ్మ మెడ వాచినప్పుడు, ఆమె ఒంటి కావలి పొరపాటున సొంత గొంతుమీదే తిరగబడిందని నిరుడు తమరే సెలవిచ్చారు."

"అది వేరు, ఇది వేరు! కావలి మూగిన చోట దొంగ ఉన్నట్టే."

"అలాగే కానివ్వండి" అని ముద్దన ఇంటికి వెళ్లివచ్చి, భట్టు పక్కనే మహా వినయంగా కూర్చున్నాడు. ఆయన మందుల సంచీలో ఏదో జారవిడవడం ఎవరూ గమనించలేదు.

కాసేపటికి కోట కావలిభటులు ముక్కుపుటాలెగరేస్తూ సభలోకి వచ్చారు. చూస్తుండగానే భట్టును చుట్టుముట్టారు. ఒకడు ఆయన ఉత్తరీయం ఎత్తి చూశాడు. ఇంకొకడు సంచీ పట్టుకు లాగాడు.

"వదలండిరా! మహారాజా, వీళ్లకు పిచ్చెక్కింది!"

ముద్దన చేతులు జోడించాడు. "ప్రభూ, కావలి మూగింది. దొంగ దొరికాడు. పొద్దు గూకేలోగా భట్టుగారిని కోట దాటించండి."

"నేను దొంగనా!" అని భట్టు గింజుకునేసరికి సంచీలోంచి అరిటాకు పొట్లం జారి, పులిహోర నేలమీద పరుచుకుంది. సభంతా ఇంగువ గుప్పుమంది. "అదుగో! పస్తున్న వెధవలు వాసనకు వచ్చారు! గుంపును చూడగానే దొంగ అనడమేనా? అది ఎందుకు వచ్చిందో అడగవద్దా?"

ముద్దన తల వంచాడు.

"ఆ ఒక్క ప్రశ్న తిరుమలమ్మ నెత్తురును ఎందుకు అడగలేదు, ఆచార్యా?"

రాజు కిరీటం జారేంతగా నవ్వాడు.

"భట్టుగారూ, ఇప్పుడైనా ఆమె చేయి పట్టి చూడండి."

తిరుమలమ్మను సభకు పిలిపించారు. భట్టు చేయి పట్టి చూశాడు. "చల్లగానే ఉంది ప్రభూ" అని గొణిగాడు.

రాజు తన ముత్యాలహారం తీసి ముద్దన మెడలో వేశాడు. తిరుమలమ్మకు తాళంచెవి స్వయంగా అందించాడు.

"త్వరగా వెళ్లవమ్మా, నా కావలి కూడా కడుపులోనే తిరగబడుతోంది!"