గంధపు గుర్రం ఆగిన బిస్మిల్లా బండ

పూర్వం దొరతనంవారి ఏలుబడిలో, కుందూనది తీరాన నల్లగుండ్ల అనే గ్రామంలో లతీఫ్ బేగు అనే విద్యావంతుడుండేవాడు. ఆయన మద్రాసులో చదివి, చేతికందిన సర్కారు కొలువును కాదని ఊరికి తిరిగివచ్చాడు. మన ఆడపిల్లలకు అక్షరం రానంతకాలం తన చదువు అడవిగాచిన వెన్నెలేనని తలచి, నూర్ షావలి దర్గాకు పోయే దారిలోని చాపరాతిపై బాలికలను కూర్చోబెట్టి ఉర్దూ, తెలుగు, లెక్కలు చెప్పసాగాడు.

ఆడపిల్లలు చదివితే రొట్టెలు ఎవరు కాలుస్తారని ఎగతాళి చేసినవారికి, చదువుకున్న పిల్ల రొట్టె మాడ్చదని బదులిచ్చి నవ్వేవాడు. దర్గా సేవ చూసుకునే ముజావరు మదార్ సాహెబు మాత్రం నవ్వలేదు. తన మనవరాలు గోరీబీ సైతం ఆ బండనెక్కిందని విని, బడి ఎత్తివేయకుంటే ఉరుసు పండుగనాటి గంధపు ఊరేగింపును నూర్ షావలి ఆ దారిన సాగనివ్వడని జమాతు పెద్దల ముందు హెచ్చరించాడు. బేగు మొండివాడు, ఉరుసునాడు కూడా పాఠం మానలేదు.

ఆనాడు గంధపు గిన్నె మోస్తున్న తెల్లగుర్రం సరిగ్గా ఆ బండముందే నిలిచిపోయింది. అదిలించినా, కళ్లెం పట్టి లాగినా అడుగు వేయలేదు. దర్గాలోని వలీకి ఆగ్రహం వచ్చిందని జనం గగ్గోలుపెట్టారు. ఆ కోపం పిల్లలమీదికి మళ్లుతుందని బేగు వెరచాడు. పిల్లలను పక్కకు పంపి, ఇప్పుడు గుర్రం కదిలితే రేపటినుంచి బడి ఉండదని అందరి ఎదుటా మాట ఇచ్చాడు.

గుర్రం కదలలేదు. మెడ తిప్పి పిల్లలవైపే చూస్తూ నిలబడింది. గిన్నెలో గంధం ఆరిపోతున్నది. చివరకు మదార్ సాహెబే తలవంచి మనవరాలిని పిలిచాడు.

"పోయి కూర్చో బేటీ. రాసుకో."

గోరీబీ కూర్చుని బొగ్గుముక్కతో ఉర్దూ తొలి అక్షరం అలిఫ్ రాసింది. గుర్రం ఆమె అరచేయి నాకి, తనంతట తానే దర్గావైపు నడిచింది.

అబద్ధం ఓర్వని బేగు దర్గా గుమ్మం దగ్గర ముజావరును ఆపాడు. "అది రోజూ ఈ పిల్లల చేతి బెల్లం తింటుంది చిచ్చా. మహిమ అనకండి."

"ఆ బెల్లం పెట్టే బుద్ధి వాళ్లకు ఎవరిచ్చారో నీ పుస్తకాల్లో ఉందా?" అని ముజావరు లోపలికి వెళ్లిపోయాడు.

పిల్లల అక్షరాభ్యాసమైన బిస్మిల్లా పేరిట జనం ఆ రాతిని బిస్మిల్లా బండ అన్నారు. నేటికీ ఉరుసునాడు గంధపు గుర్రం అక్కడ ఆగుతుంది. ఏ మతపు ఇంటిదైనా సరే, ఒక ఆడపిల్ల గంధంలో వేలు ముంచి తొలి అక్షరం దిద్దిన తరువాతనే సాగుతుంది. ఏటేటా వేళ్లు తిరిగిన ఆ చోట రాయి అరిగి, చల్లగా, అద్దంలా నున్నగా ఉంటుంది.