బసక్క పాతిన గడలు

అనగనగా ఒక కొండ. కొండకు ఒక కనుమ. కనుమలో ఒక బాట. ఆ రాజ్యానికి రాజు కూడా ఉండేవాడు గానీ, ఆయనతో మనకు పెద్దగా పనిలేదు. మన పని బసక్కతో. బసక్క తట్టలు మోసే మనిషి.

ఆ బాటను గద్దల కనుమ బాట అనేవాళ్లు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. మంచి రోజుల్లో ఎనిమిది మూరల వెడల్పు. ప్రతి ఏడూ వానలకు అంచు జారేది. ప్రతి ఏడూ పనివాళ్లు వచ్చి కనుమలోనే గుడిసెలు వేసుకుని, తవ్వి, రాళ్లు పేర్చి, మట్టి నింపేవాళ్లు. తవ్విన చోట బాటకు అడ్డంగా ఒక తుమ్మకంప వేసేవాళ్లు. కంప చూసి పెద్ద బండి ఆగాలి. చిన్న బండి కంపను పక్కకు నెట్టుకుని పోవాలి. తాతల నాటి నుంచీ అదే పద్ధతి. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

ఒకనాడు బయలప్ప అనే ఆయన గానుగ రోలు వేసుకుని కనుమ ఎక్కాడు. వెడల్పాటి బండి. కంప దాకా వచ్చి ఆగాడు. ముందుకు పోదామంటే దారి చాలదు. తిప్పుదామంటే చోటు లేదు. ఎద్దుల్ని విప్పుదామంటే బండి నిలవదు. అందరూ కలిసి బండిని మెల్లగా వెనక్కి దించబోయారు. ఒక చక్రం అంచు దాటింది. బండీ, రోలూ, జత ఎద్దులూ లోయలో పడ్డాయి.

బయలప్ప కంప పక్కన కూలబడ్డాడు. బసక్క ముంతతో నీళ్లిచ్చింది. ఆయన తాగలేదు.

"ఈ మాట కింద చీలుదారి కాడే చెప్పింటే, నా ఎద్దులు బతికుండేవి గదక్కా," అన్నాడు.

చీలుదారి అంటే కనుమకు కోసెడు దూరం కింద, బాట రెండుగా చీలే చోటు. ఒకటి కనుమ ఎక్కుతుంది. రెండోది వంక వెంబడి చుట్టు తిరిగి, మూడు రోజులు ఆలస్యంగా అదే ఊరు చేరుతుంది. ఆలస్యమే గానీ అక్కడ లోయ లేదు.

బయలప్ప మాట బసక్కకు ముల్లులా గుచ్చుకుంది. మేస్త్రి తిరుమలప్ప దగ్గరకు పోయింది.

"కంప ఏసినాం గదమ్మే. ఇంకేం జెయ్యాల?" అన్నాడు మేస్త్రి.

"గుంత కాడ చెప్పింది కబురు గాదు మేస్త్రీ. చీలుదారి కాడ చెప్పిందే కబురు."

"అంత దూరం దిగిపోయి చెప్పేదెవురు? నువ్వా?"

అందరూ నవ్వారు. బసక్క నవ్వలేదు. "నేనే," అంది.

అప్పటి నుంచి పొద్దు వాలేసరికి బసక్క ఒక తాడు తీసుకుని, గుంత పక్కన మిగిలిన దారిని తన మూరతో కొలిచేది. ఎన్ని మూరలైతే అన్ని ముళ్లు వేసేది. తెల్లారగానే ఆ తాడు పట్టుకుని చీలుదారికి దిగేది. అక్కడ కనుమ బాట మొదట్లో రెండు వెదురు గడలు పాతేది. ఒక గడకూ ఇంకో గడకూ నడుమ తాడెంతో అంతే. పైన గుంత పెరిగితే కింద గడలు దగ్గరయ్యేవి. గుంత పూడితే దూరమయ్యేవి. బండి ఆ రెండు గడల నడుమ దూరిందా, కనుమలోనూ దూరుతుంది. ఇక్కడ పట్టలేదా, అక్కడా పట్టదు. గడలు పాతి, మళ్లీ కోసెడు ఎక్కి వచ్చి తట్ట ఎత్తుకునేది. ఆమె పిచ్చి ఆమెకు ఆనందం అనుకున్నారు తోటివాళ్లు.

ఒకరోజు దూలాల బండి వచ్చింది. బసక్క అడ్డంగా నిలబడింది.

"అన్నా, ఈ పొద్దు దారి ఇంతే. పట్టితే పో, పట్టకుంటే చుట్టుకోనిపో," అంది.

బండాయన ఆమెను తిట్టాడు, ఎండను తిట్టాడు, తన ఎద్దుల్ని కూడా తిట్టాడు. గడల నడుమ బండి పట్టలేదు. చుట్టుకుని పోయాడు.

ఇంకోరోజు పత్తి బోరాల బండి వచ్చింది.

"అన్నా, ఈ పొద్దు దారి ఇంతే. పట్టితే పో, పట్టకుంటే చుట్టుకోనిపో."

ఆ బండాయన కొంచెం తెలివైనవాడు. పక్కలకు పొడుచుకొచ్చిన రెండు బోరాలు దించి పైన కట్టాడు. బండి గడల నడుమ దూరింది. కనుమలో గుంత పక్కన కూడా జానెడు మిగిలేలా దాటింది. ఆ కబురు సంతల్లో పాకింది. బసక్క గడలు అబద్ధమాడవని బండ్లవాళ్లు చెప్పుకున్నారు.

మూడోసారి వచ్చింది రాజుగారి కోట తలుపు. టేకు తలుపు, ఇనప గుబ్బలు, పన్నెండు జతల ఎద్దులు. ముందురోజే ఒక భటుడు వచ్చి గడల నడుమ కొలిచి పోయాడు. ఐదు మూరలు. తలుపు బండి నాలుగున్నర. భేషుగ్గా పడుతుందని కబురు పోయింది.

ఆ సాయంత్రమే కుండపోతగా వాన కొట్టింది. బాట అంచు ఇంకో మూరెడు జారింది. అప్పటికి బసక్కకు మూడు రోజులుగా జ్వరం. లేచి, గోడ పట్టుకుని నిలబడి, తాడు తీసుకుంది.

"ఈ ఒక్క పూటకూ వదిలెయ్యమ్మే," అన్నాడు మేస్త్రి.

"నిన్నటి కొలత ఆడ నిలబడి ఉంటాది మేస్త్రీ. అది గడలు లేనిదానికంటే చేటు," అంది. గుంత పక్కన కొలిచి, తాడుకు నాలుగే ముళ్లు వేసింది. తెల్లారగానే దిగింది.

పొద్దెక్కాక తలుపు బండి చీలుదారికి వచ్చింది. గడలు దగ్గరగా ఉన్నాయి. బండి పట్టలేదు. ఒక గడకు ఆనుకుని బసక్క కూర్చుని ఉంది.

"నిన్న పట్టింది ఈ రోజెందుకు పట్టదు?" అని గుర్రం మీది అధికారి గద్దించాడు. "లేవవే!"

బసక్క లేవలేదు.

"పీకెయ్యండ్రా ఆ గడలు!"

అప్పుడు ఎద్దులవాళ్ల పెద్ద దిగాడు. ఆయన బయలప్పే. సొంత ఎద్దులు పోయాక పరాయి ఎద్దులు తోలుకుంటున్నాడు. దగ్గరకు పోయి వంగి చూశాడు. బసక్క ఒళ్లు చల్లగా ఉంది. గుప్పిట్లో తాడు ఉంది. నాలుగు ముళ్లు.

"దొరా, గడలు పీకాలంటే నన్ను జూసి రానీండి. అందాకా ఎద్దులు కదలవు," అన్నాడు.

తాడు తీసుకుని కనుమ ఎక్కాడు. గుంత పక్కన పరిచాడు. నాలుగో ముడి సరిగ్గా అంచు మీదికి వచ్చింది. ఐదో ముడి వేసి ఉంటే అది గాలిలో వేలాడేది. బయలప్ప అక్కడే కూర్చుని ఏడ్చాడు. వెనకటి ఎద్దుల కోసం కొంత, బసక్క కోసం కొంత.

తలుపు చుట్టుదారిన పోయింది. మూడు రోజులు కోటకు తలుపు లేదు. ఏ శత్రువూ రాలేదు.

బసక్కను చీలుదారిలోనే పూడ్చారు. పూడ్చేముందు బయలప్ప తాడు పట్టి కొలిచి, పెద్ద బండికి చోటు వదిలి మరీ గుంత తీయించాడు. వెదురు గడల చోట రెండు రాతి కంబాలు నాటారు.

రాజు పోయాడు, కోట పోయింది, తలుపు ఏ పొయ్యిలో కాలిందో ఎవరికీ తెలియదు. బాట తారు రోడ్డయింది. కంబాలు మాత్రం ఉన్నాయి. ఇప్పటికీ ఆ కనుమలో గడ్డపార దించేముందు మొదటి కంప కింద ఆ కంబాల దగ్గరే వేసి, దాని మీద దారి ఎన్ని మూరలో అన్ని ముళ్ల తాడు కడతారు. ఆ తర్వాతే పని. ఎవరైనా కబురు ఆలస్యంగా తెస్తే, "గుంత కాడ చెప్తాండావా?" అని దెప్పుతారు.

గాలిమర రెక్కలు మోసుకొచ్చే బారు లారీలు కూడా అక్కడ ఆగుతాయి. ఏ రాష్ట్రపు డ్రైవరైనా సరే, పక్క హోటలువాళ్లు నేర్పిన మాట వచ్చీరాని తెలుగులో గట్టిగా అంటాడు: "బసక్కా, ఈ పొద్దు దారెంత?"

జవాబు రాదు. అయినా దిగి, తాడు ముళ్లు లెక్కపెట్టుకునే పోతాడు.