మేలైన చెయ్యి

ఎస్తోనియా దేశపు సముద్రంలో ఒక చిన్న దీవి, ఆ దీవి మీద సన్యాసినుల మఠం. అందులో లెయిదా అనే అమ్మాయి కొత్తగా చేరింది. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె దిగులంతా అదే.

వాళ్ల భాషలో "సూర్" అంటే పెద్ద. "సూరెమ్" అంటే ఇంకా పెద్ద. మనం "కన్నా" అని చెప్పేది వాళ్లు మాట చివర "ఎమ్" చేర్చి చెప్పేస్తారు. "పరెమ్" కూడా అలాంటి మాటే, ఇంకా మంచిది అని. కుడిచేతినీ "పరెమ్" అనే అంటారు. లెయిదా నాయనమ్మ ఎడమచేతిని "పహెమ్" అనేది. అంటే ఇంకా చెడ్డది.

"దేవుడికి మేలైన చేత్తోనే సేవ చేస్తాను" అని లెయిదా పట్టుబట్టి, ఎడమచేతిని గుడ్డతో నడుముకు కట్టేసుకుంది. పులుసు ఒలికింది, కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. అయినా గుడ్డ విప్పలేదు. ఆమెకు గురువైన పెద్ద సన్యాసిని యూఫీమియా చూసి ఊరుకుంది.

ఒక మధ్యాహ్నం అవతలి ఒడ్డున జెండా ఎగిరింది. జాలరి భార్యకు నొప్పులొచ్చాయన్నమాట. మంత్రసాని పని తెలిసింది యూఫీమియాకే.

"పద, పడవ నువ్వే నడపాలి" అందామె.

లెయిదా కుడిచేత్తో ఒక తెడ్డు లాగింది. పడవ ఉన్నచోటే తిరిగింది. పళ్లు బిగించి ఇంకా బలంగా లాగింది. పడవ ఇంకా జోరుగా తిరిగింది. గాలి లేస్తోంది.

యూఫీమియా వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. నడికట్టు విప్పి, తన కుడిచేతిని నడుముకు కట్టేసుకుంది. అలవాటు లేని ఎడమచేత్తో రెండో తెడ్డు పట్టింది. పడవ కుంటుతూ ముందుకు కదిలింది.

"అమ్మా, మీ చెయ్యి విప్పుకోండి! అక్కడ ఆవిడకు ఎలా ఉందో ఏమో!"

"నీ మొక్కు తీరాక నాదీ తీరుతుంది."

"నాది చెడ్డ చెయ్యమ్మా. ఈ కుడిదే కదా మేలైనది?"

"మేలైనదే" అంది యూఫీమియా. "దేనికన్నా?"

ఒడ్డు నుంచి ఎవరో కేకేస్తున్నారు.

ముడి బిగుసుకుపోయింది. లెయిదా తన నడుము గుడ్డను పైకి లాగి, పళ్లతో కొరికి విప్పింది.

"మీరు అటు జరగండమ్మా" అని రెండు తెడ్లూ అందుకుంది.

పొద్దు వాలకముందే బిడ్డ పుట్టింది. తడి ఆరని ఆ పసిదాన్ని యూఫీమియా లెయిదాకు అందించబోయింది.

లెయిదా రెండు చేతులూ చాచింది.