ముందు వెళ్ళే తెప్ప

రాజుల కాలంలో ఒక ఏటి ఒడ్డు రాజ్యంలో తెప్పల పందేలంటే జనానికి ప్రాణం. ఆ ఆటను ఊరూరా పెంచమని రాజు తన బావమరిది రణధీరవర్మను పందేలకు అధికారిగా వేశాడు. పందెంలో గెలిచినవాళ్ళకు, పిల్లలకు తెప్ప నడపడం నేర్పే కొలువు ఇస్తానన్నాడు. ఏట్లోనే ఈదుతూ పెరిగిన నూకాలు ఆ కొలువు మీద ఆశ పెట్టుకుంది.

తీరా పందెం నాడు రణధీరవర్మ తానే ఒక తెప్ప ఎక్కి, "అధికారి తెప్పను దాటినవాళ్ళను ఇక జన్మలో ఏట్లో దిగనివ్వను" అని చాటింపు వేయించాడు.

నూకాలుకు ఒళ్ళు మండింది. అయినా నవ్వుతూ చేతులు జోడించింది.

"మంచి మాట దొరా! కొత్తనీటికి సుడిగుండం చోటు మారింది. ముందు ఎవరు వెళతారా అని అందరం హడలిపోతున్నాం. తమరే ముందుంటే మాకు దిగులే లేదు. తమరు మునిగిన చోటు చూసుకుని పక్కనుంచి తప్పుకుపోతాం."

రణధీరవర్మ హోరుమంటున్న నీళ్ళ వంక చూశాడు. గొంతు సవరించుకుని, "ఆట పెరగాలంటే అధికారి జనాన్ని ముందుకు పంపాలి. నువ్వు పద!" అన్నాడు.

"ఆ మాటా చాటించండి దొరా," అంది నూకాలు, గడ అందుకుంటూ.

చాటింపు ముగిసేసరికి ఆమె తెప్ప ఏటి మలుపు తిరిగింది. కొలువు ఆమెకే దక్కింది. అధికారి తెప్పను ఒడ్డుకు కట్టిన తాడు మాత్రం ఆ రోజు ఎవరూ విప్పలేదు.