పైడిరాజు చూసిన తెల్లబాట

చికాకు పెట్టే దేన్నయినా ఏదో ఒకదానితో కప్పేసి, ఇక అది లేదనుకునే పైడిరాజు సాలూరులో రంగుల కొట్టు నడుపుతూ ఉండేవాడు.

వాళ్ల ఇంటి గోడకు ఒకచోట పగులు ఉండేది. దానిమీద పెద్ద క్యాలెండరు తగిలించాడు. వానలకు గోడ చెమర్చి క్యాలెండరు ఉబ్బిపోతే, దానిమీద ఇంకో క్యాలెండరు తగిలించాడు. మనిషి కుదురుగా కూర్చోలేడు. కూర్చున్నా కాలు ఆడుతూనే ఉండేది. ఆదివారం వస్తే కొండలెక్కాలని ఒకటే ఆత్రం.

కొండలెక్కేవాళ్ల కోసం అతని ఫోన్‌లో ఒక పటం ఉండేది. పూర్వం కాలేజీ పిల్లలు పలచటి కాగితాలమీద ఏరులు ఒకదానిలో, బాటలు ఒకదానిలో గీసి, ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూసేవారు. వెలుతురుకు అన్నీ కలిసి కనిపించేవి. గాలి వీస్తే ఆ కాగితాల వెంట పరుగెత్తడమే సరిపోయేది, అది వేరే సంగతి. ఈ ఫోన్ పటమూ అలాంటిదే. అడుగున ఏరుల నీలం గీతలు, వాటిమీద ఎత్తుపల్లాల గీతలు, ఆపైన బాటలు, అన్నిటికీ పైన ఆకాశం నుంచి తీసిన ఫొటో. ఏ పొరనైనా ఉంచుకోవచ్చు, తీసేయవచ్చు, పలచన చేసుకోవచ్చు.

శ్రావణమాసంలో ఒకరోజు పైడిరాజు తన బావ గౌరినాయుణ్ణి కొండకు బయల్దేరదీశాడు. అక్క గుమ్మం దాకా వచ్చింది.

"ఒరే రాజూ, మీ బావకి మోకాలు అంతంతమాత్రం. నీమీద నమ్మకంతో పంపుతున్నాను. ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురా" అంది.

"నా చేతిలో పటం ఉందక్కా!" అన్నాడు పైడిరాజు.

ఎక్కడం బాగానే ఎక్కారు. పులిహోర తిని దిగడం మొదలుపెట్టాక, వెనకున్న పెద్ద కొండమీద మబ్బు నల్లబడింది. గౌరినాయుడి మోకాలు వాచింది. వచ్చిన బాట చుట్టుదారి. పైడిరాజుకు కాలు నిలవలేదు. ఫోన్ తీశాడు. నీలం, గోధుమ, ఎరుపు గీతలు చిక్కుపడిన దారప్పోగుల్లా కనిపించాయి.

"ఛీ, ఇదేం గోల!" అని ఫొటోను దట్టంగా పరిచేశాడు. గీతలన్నీ మాయమయ్యాయి. పచ్చటి అడవి మధ్య తెల్లటి బాట ఒకటి నేరుగా రోడ్డుదాకా కనిపించింది.

"బావా, బండిబాట! ఇట్టే రోడ్డెక్కేస్తాం."

"ఇందాక అక్కడ నీలం గీత ఒకటి ఉంది గదరా?"

"అదేదో నస. తీసేశాను."

"చూసి తీసేశావా, చూడకుండా తీసేశావా?"

"నీకు మోకాలు నొప్పా, అనుమానం నొప్పా బావా? నడు!"

తెల్లటి ఇసుకలోకి దిగారు. అంతా గుండ్రటి గులకరాళ్లు. రెండు వైపులా గట్లు లేచాయి. ఒక్క చక్రం జాడ లేదు. పైడిరాజు మనసు ఒకసారి తటపటాయించింది గాని, చూపు మళ్లీ ఫోన్‌మీదే పెట్టాడు. అందులో బాట చక్కగా ఉంది.

ఇంతలో వెనకనుంచి లారీ వస్తున్నట్టు చప్పుడైంది.

"చూశావా, బండి!" అన్నాడు పైడిరాజు సంబరంగా.

వచ్చింది బండి కాదు, నీళ్లు. పాదాలు తడిసేలోపే మోకాళ్లదాకా ఎర్రనీళ్లు వచ్చేశాయి. గౌరినాయుడి కాలు మడతపడి మనిషి కొట్టుకుపోబోయాడు. పైడిరాజు ఫోన్ జేబులో కుక్కి, ఒక చేత్తో అతని చొక్కా, ఒక చేత్తో గట్టుమీది వేరు పట్టుకున్నాడు. చొక్కా చిరిగింది. భుజం చేతికి చిక్కింది. ఎలాగో ఈడ్చి గట్టెక్కించాడు.

ఫోన్ తీసి ఫొటోను పలచన చేశాడు. తెల్లబాట పొడవునా, దానిమీదే, నీలం గీత తేలింది. ఆ ఫొటో ఎండాకాలంలో తీసింది. ఏరు అప్పుడు ఎండి ఇసుకగా ఉంది. ఇప్పుడు వెనక పెద్ద కొండమీద కురిసిన వాన దాన్ని నింపేసింది. పైడిరాజు కాలు మొదటిసారి ఆడకుండా ఆగింది. ఒక్కొక్క పొరా తెరిచి, ఒక్కొక్క గీతా చూసి, ఏరు దాటనక్కర్లేని పాత చుట్టుదారినే పట్టుకున్నాడు. బావను వీపున మోసుకుంటూ చీకటి పడే వేళకు రోడ్డెక్కాడు.

అక్క గుమ్మంలోనే ఉంది. "ఏమైందిరా?" అంది.

"ఏం లేదక్కా, చిన్న..." అని నోటిదాకా వచ్చింది. అంతలో బావ ఒంటిమీది చిరిగిన చొక్కా కంటబడింది. "నేనే ఏట్లోకి దింపాను. పటంలో ఏరు గీత కనిపిస్తూనే ఉంది. నేనే కప్పేశాను" అన్నాడు.

అక్క కోపంగా తమ్ముడి మీదికి తిరిగింది. గౌరినాయుడే అన్నాడు: "వాణ్ణి తిట్టకే. రేపు ఆ క్యాలెండర్లు కూడా తీయిద్దాం. వాటి వెనక గోడ ఉందో లేదో!"

గౌరినాయుడు ఆ వానలన్నాళ్లూ చేతికర్రతోనే నడిచాడు. ఆ కర్ర చప్పుడు విన్నప్పుడల్లా పైడిరాజు తల దించుకునేవాడు.

కప్పేసినంత మాత్రాన ఉన్నది లేకుండా పోదు. మనకు చికాకు పెట్టేదాన్నే ముందుగా, చివరిదాకా చూడాలి.